బ్యాంకాక్ బంగారు బుద్ధుణ్ణి చూడటానికి వెళ్ళే కడప వారికి

పసిడి వ్యాపారానికి పేరుపడిన ప్రొద్దుటూరు ఉన్న జిల్లా నుంచి బ్యాంకాక్ దాకా వెళ్ళినవారు, అక్కడి చైనీయుల పేటలోని వాట్ ట్రైమిత్ ఆలయాన్ని చూడకుండా తిరిగి రావడం నాకు సబబుగా తోచదు. అందులోని బుద్ధ విగ్రహం ఎత్తు సుమారు 3 మీటర్లు, బరువు దాదాపు ఐదున్నర టన్నులు, లోహం బంగారం.

కడప నుంచి రేణిగుంట మీదుగా రైలులో చెన్నై చేరి, అక్కడి నుంచి విమానం ఎక్కవచ్చు. సెంట్రల్ స్టేషనులో దిగినవారికి విమానాశ్రయం వరకు మెట్రో ఉంది. బ్యాంకాక్‌లో సువర్ణభూమి విమానాశ్రయంలో దిగితే, ఎయిర్‌పోర్టు రైలులో మక్కసన్ వరకు వెళ్ళి, పక్కనే ఉన్న ఫెట్చబురి స్టేషనులో మెట్రో నీలి మార్గం ఎక్కి, హువా లంపోంగ్‌లో దిగాలి. అక్కడి నుంచి ఆలయం కాలినడకన కొద్ది నిమిషాల దూరమే.

ఆలయానికి సోమవారం వెళ్ళకండి. విగ్రహ దర్శనం ఆ రోజు కూడా ఉంటుంది గానీ, కింది అంతస్తుల్లోని ప్రదర్శనశాలలు మూసి ఉంటాయి. తిన్నగా విగ్రహం ఉన్న నాలుగో అంతస్తుకు ఎక్కిపోకుండా, ముందు మూడో అంతస్తులో విగ్రహ చరిత్రను నిదానంగా చూడాలని నా గట్టి సలహా. పాత థాయ్ రాజ్యమైన సుఖోథాయ్ శైలిలోని ఈ విగ్రహానికి, 1767లో బర్మా సేనలు అప్పటి థాయ్ రాజధాని అయుత్థయను ధ్వంసం చేయడానికి ముందు, వారి కంట పడకుండా గచ్చు పూత పూశారని భావిస్తారు. ఆ తరువాత లోపల ఉన్నది బంగారమన్న సంగతే జనం మరిచిపోగా, ఈ ఆలయానికి చేర్చిన విగ్రహం సుమారు ఇరవై ఏళ్ళు రేకుల కప్పు కిందే గడిపింది. 1955లో కొత్త మందిరంలోకి ఎత్తుతుండగా తాళ్ళు తెగి విగ్రహం కింద పడింది; గచ్చు పెచ్చులూడిన చోట పసిడి బయటపడింది. అప్పుడు రాలిన గచ్చు ముక్కలను కూడా భద్రపరిచారు.

పైకి వెళ్ళాక మన జిల్లా కళ్ళు ఎలాగూ వన్నె మీదికే పోతాయి కాబట్టి ఇది కూడా చెప్పాలి: ఒళ్ళంతా ఒకే మేలిమి కాదు. శరీరంలో సుమారు 40 శాతం, గడ్డం నుంచి నుదుటి వరకు 80 శాతం, 45 కిలోల కేశభాగంలో 99 శాతం బంగారం ఉందని చెబుతారు.

భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు వేసుకోవాలి. చెప్పులు బయటే విడవాలి. కొబ్బరికాయ కొట్టడం, హారతి పట్టడం అక్కడి పద్ధతి కాదు. కూర్చున్నప్పుడు పాదాలను విగ్రహం వైపు చాపకుండా వెనక్కి మడుచుకోవాలి. స్త్రీలు భిక్షువులను తాకకూడదు, వారి చేతికి నేరుగా ఏదీ అందించకూడదు. మెట్లు ఎక్కువ గనుక, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని ఎండ ముదరక ముందే, ఉదయం 8 గంటల ప్రాంతంలో తీసుకువెళ్ళడం మేలు.

దర్శనం తరువాత అక్కడే ఉన్న యావరాత్ వీధిలో భోజనం చేయదలచిన శాకాహారులు, పసుపు జెండా మీద ఎర్రని థాయ్ అక్షరాలు ఉన్న దుకాణం చూసుకొని ‘జే’ భోజనం అడగాలి. అందులో మాంసం, గుడ్డుతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.