ఎద్దు పొడిచి పేగు బయటికొస్తే

కొమ్ము పోటుకు పొట్ట చీలి పేగు బయటికొస్తే, చేత్తో లోపలికి నెట్టకండి. దానికంటిన మట్టి, పేడ కూడా కడుపులోకి పోతాయి. పేగు మెలికపడితే రక్తం అందక ఆ భాగం చచ్చిపోతుంది. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి కింద చుట్టిన దుప్పటి పెట్టండి. పొట్ట కండరాలు వదులై, పేగు ఇంకా బయటికి తోసుకొచ్చే ఒత్తిడి తగ్గుతుంది.

పేగు ఆరిపోకూడదు. ఉతికిన నూలు పంచెను మడతపెట్టి సెలైన్‌తో, అది లేకపోతే తాగేనీళ్లతో తడిపి, పేగంతా మూసేలా పరవండి. దానిమీద శుభ్రమైన పాలిథిన్ కవరు కప్పి, ఇంకో గుడ్డతో వదులుగా కట్టండి. దూది వద్దు, పోగులు పేగుకు అంటుకుపోతాయి. పసుపు, కాఫీపొడి అసలే వద్దు. రక్తం కారుతుంటే గాయం అంచుమీదే అదమాలి, పేగు మీద కాదు.

దాహమని ఎంత బతిమాలినా నీళ్లు పట్టకండి. ఆపరేషన్ తప్పదు, మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెదవులు తడపండి, చాలు. ఒళ్లు చల్లబడకుండా దుప్పటి కప్పండి.

పోటు ఛాతీకి తగిలి గాయంలోంచి గాలి బుసబుసమంటుంటే పద్ధతి వేరు. దాన్ని బిగించి మూయొద్దు, గాలి లోపలే చిక్కుకుని ఊపిరితిత్తిని, గుండెను నొక్కేస్తుంది. గాయాన్ని తెరిచే ఉంచి, మనిషిని వెనక్కి ఆనించి కూర్చోబెట్టండి.

పైకి గాయమే లేకపోయినా, పొట్ట గట్టిపడినా, ఎడమ భుజం నొప్పన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్లీహం (పొట్టలో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం) చిట్లి లోపల రక్తం కారుతుండవచ్చు.