బడి డబ్బు, బ్యాంకు లెక్క – 3: రెండు పుస్తకాలూ కలపడం

పోయిన పాఠంలో క్యాష్‌బుక్కులో (బడి జమాఖర్చులు మనమే రాసుకునే పుస్తకం) బ్యాంకుకు వేరే గడి గీయమన్నాను. గీసినవాళ్లు దాన్నీ పాస్‌బుక్కునూ పక్కపక్కన పెట్టుకోండి. గీయనివాళ్లు ముందు ఆ పని కానివ్వండి.

ఆదోని దగ్గర ఒక బడి. మార్చి 31న హెడ్మాస్టరు సారు పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంటే 24,718 రూపాయలు కనపడింది. ఇంకేం, బెంచీలకని 22,000కు చెక్కు రాసిచ్చేశారు. వారం తిరక్కముందే, సున్నం, రంగులు ఇచ్చిన అంగడాయనకు అంతకుముందే రాసిచ్చిన చెక్కు డబ్బుల్లేవని వెనక్కొచ్చింది. ఆయన గేటు దగ్గర నిలబడి అన్న మాటలు ఇక్కడ రాయలేను.

క్యాష్‌బుక్కులో ఆ రోజు నిల్వ 18,450 మాత్రమే. సారు దాన్ని తెరవలేదు. రెండింటికీ తేడా 6,268. ఇది ఎక్కడిదో పట్టుకోవడమే ఈ పాఠం.

రెండు పుస్తకాల్లోనూ ఉన్న ప్రతి పద్దుకూ పెన్సిల్‌తో టిక్కు పెట్టండి. టిక్కు పడనివే మనకు కావాలి. ఆ బడిలో మూడు మిగిలాయి: రంగుల అంగడికిచ్చిన 6,200 చెక్కు (క్యాష్‌బుక్కులో ఖర్చు రాసేశారు, కానీ మార్చి 31కి ఆయన ఇంకా బ్యాంకులో వేయలేదు), బ్యాంకు జమచేసిన వడ్డీ 186, చెక్కు పుస్తకానికి పట్టుకున్న 118. 18,450కి 6,200, 186 కలిపి, 118 తీసేయండి. సరిగ్గా 24,718.

వడ్డీ, ఛార్జీ క్యాష్‌బుక్కులో ఎక్కిస్తే నిల్వ 18,518 అవుతుంది. సారు ఖర్చుపెట్టగలిగింది అంతే. అంగడాయన గల్లాపెట్టెలో ఉన్న చెక్కు సంగతి బ్యాంకుకేం తెలుసు?

చెక్కుకు ఆయుష్షు దాని మీది తేదీ నుంచి 3 నెలలు. జనవరి 20 చెక్కు ఏప్రిల్ 20 దాటితే చెల్లదు. అప్పుడు దాన్ని రద్దు చేసి, క్యాష్‌బుక్కులో తిరిగి జమ రాసి, కొత్తది ఇవ్వాలి. మన పడమటి మండలాల్లో ఇంకో చిక్కుంది. జాయింటు ఖాతాలో హెడ్మాస్టరుతో పాటు రెండో సంతకం బడి తల్లిదండ్రుల కమిటీ ఛైర్మన్‌ది. ఆయన మిరపకోతలకు గుంటూరు పోయుంటాడు. ఫోన్ చేస్తే "ఉగాదికొస్తా సార్" అంటాడు. అందుకని కొందరు ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టించుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఆయన ఊరు దాటకముందే సమావేశం పెట్టి, తీర్మానం రాసి, పేరూ మొత్తమూ నింపిన చెక్కు మీదే సంతకం తీసుకోండి.

సమగ్ర శిక్ష (బడులకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) గ్రాంటుకు ఈ లెక్క వేరు. 2021లో అది ఒకే నోడల్ ఖాతా పద్ధతిలోకి మారింది, అంటే డబ్బంతా రాష్ట్రం మొత్తానికి ఒకే ఖాతాలో. ఆ పద్ధతిలో బడి పేర ఉండేది జీరో బ్యాలెన్స్ ఖాతా, వచ్చేది డబ్బు కాదు, ఇంతదాకా వాడుకోవచ్చనే ఖర్చు పరిమితి. 100 దాటి 250 లోపు పిల్లలుంటే నిబంధనల ప్రకారం ఏడాదికి 50,000 దాకా, అందులో కనీసం 10 శాతం స్వచ్ఛతకు. వాడని పరిమితి వెనక్కి పోవచ్చు, పూర్వ విద్యార్థులిచ్చిన డబ్బు మాత్రం మీ ఖాతాలోనే ఉంటుంది. కాబట్టి రెండింటిలో దేనికైనా సరిపోయే ఖర్చును ముందు గ్రాంటులో పెట్టండి. దాతల డబ్బుతో చీపుర్లు, ఫినాయిల్ కొని గ్రాంటు వదులుకున్న బళ్లు నాకు తెలుసు.

అభ్యాసం: క్యాష్‌బుక్కు నిల్వ 9,300. బ్యాంకుకు చేరని చెక్కు 2,750. వడ్డీ 94, ఛార్జీ 59, రెండూ క్యాష్‌బుక్కులో ఎక్కలేదు. పాస్‌బుక్కులో ఎంతుండాలి? నిజంగా ఖర్చుపెట్టగలిగింది ఎంత? జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠం ఓచర్ల గురించి.