క్యాన్సర్ రోగులకు రైలు చార్జీలో రాయితీ: దరఖాస్తు విధానం, ఫారం దగ్గర జరిగే పొరపాట్లు

బయాప్సీ రిపోర్టు, స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ సంచిలో పెట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కు వెళ్లి, ‘ఇవి చెల్లవు’ అనిపించుకుని వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. జబ్బు ఉందనడానికి ఆ కాగితాలన్నీ రుజువులే. అయినా కౌంటర్‌లో కూర్చున్న గుమస్తాకు వాటితో పని లేదు. ఆయనకు కావాల్సింది రైల్వే నమూనాలో ఉన్న కన్సెషన్ ఫారం, దాని మీద క్యాన్సర్ ఆసుపత్రి అధికారి సంతకం, ఆసుపత్రి ముద్ర. అది లేకపోతే ఎంత లావు ఫైలు చూపించినా రాయితీ రాదు. అది సరిగ్గా ఉంటే ఫైలు బయటికి తీయాల్సిన అవసరమే రాదు.

ముందుగా ఒక అపోహ. 2020 మార్చిలో రైల్వే చాలా రాయితీలు ఆపేసింది, వృద్ధులకు ఇచ్చేది కూడా అప్పుడే పోయింది. దాంతో ‘రాయితీలన్నీ ఎత్తేశారు’ అన్న మాట ఊళ్లలో స్థిరపడిపోయింది. రోగుల రాయితీ పోలేదు. క్యాన్సర్ రోగులకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఎంత వస్తుంది

స్లీపర్‌లోనూ, ఏసీ త్రీ టైర్‌లోనూ రోగికి అసలు చార్జీ పూర్తిగా మాఫీ. తోడు వెళ్లే ఒకరికి ఈ రెండు తరగతుల్లో 75 శాతం తగ్గుతుంది. సెకండ్ సిటింగ్, ఫస్ట్ క్లాస్, ఏసీ చైర్ కార్‌లో రోగికీ, తోడుకూ 75 శాతం. ఏసీ టూ టైర్, ఏసీ ఫస్ట్‌లో ఇద్దరికీ 50 శాతం.

మాఫీ అయ్యేది అసలు చార్జీ, అంటే ప్రయాణ దూరానికి కట్టే మూల చార్జీ మాత్రమే. రిజర్వేషన్ రుసుము, సూపర్‌ఫాస్ట్ రుసుము కట్టాలి. స్లీపర్‌లో రిజర్వేషన్‌కు 20 రూపాయలు, రైలు సూపర్‌ఫాస్ట్ అయితే మరో 30. ఏసీ త్రీ టైర్‌లో 40, 45. ‘ఉచితమన్నారు, డబ్బులు అడుగుతున్నారేంటి’ అని కౌంటర్ దగ్గర గొడవ పడేది ఈ మొత్తం గురించే. అది లంచం కాదు, టికెట్ మీద అచ్చయి వస్తుంది.

తరగతి ఎంచుకునేటప్పుడు కాస్త ఆలోచించండి. అసలు చార్జీ రోగికి స్లీపర్‌లో ఎలా ఉండదో ఏసీ త్రీ టైర్‌లోనూ అలాగే ఉండదు. తోడు వెళ్లేవారు ఏసీ త్రీ టైర్ చార్జీలో పావు వంతు కడితే సరిపోతుంది. కీమో నడుస్తున్నప్పుడు తెల్ల రక్తకణాలు పడిపోయి, చిన్న ఇన్ఫెక్షన్ కూడా జ్వరంగా మారి ఆసుపత్రిపాలు చేయగలదు. దుమ్ము, తోపులాట, తలుపు దగ్గర నిలబడే జనం ఉండే స్లీపర్ బోగీ కంటే ఏసీ త్రీ టైర్ ఆ రోజుల్లో మేలు. పెద్ద తరగతి కదా అని టూ టైర్ తీస్తే మాత్రం మాఫీ కాస్తా సగానికి పడిపోతుంది. త్రీ టైర్ టికెట్ కొని, తర్వాత తేడా కట్టి పై తరగతికి మారదామన్నా రాయితీ టికెట్‌కు అది కుదరదు.

తత్కాల్‌లో రాయితీ లేదు. వందే భారత్, గరీబ్ రథ్ రైళ్లలో లేదు. రైలెక్కాక టీటీఈ (టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి) దగ్గర రాయించుకోవడమూ లేదు.

ఎవరికి వర్తిస్తుంది

ఆసుపత్రిలో చేరడానికి, చికిత్సకు, మళ్లీ పరీక్షలకు, నిర్ణీత కాలానికి చేయించుకునే చెకప్‌కు వెళ్లే ప్రయాణాలకూ, అక్కడి నుంచి తిరుగు ప్రయాణాలకూ. చికిత్స పూర్తయి ఏళ్లు గడిచినా చెకప్‌కు వెళ్తున్నంత కాలం అర్హత ఉంది. ‘జబ్బు తగ్గిపోయింది కదా, ఇంకా అడిగితే బాగుండదు’ అని పూర్తి చార్జీ పెట్టుకుంటున్నవాళ్లున్నారు. మొహమాటం అక్కర్లేదు, మీకోసం పెట్టిన నిబంధన అది.

తోడు ఒక్కరికే. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లవాడితో అమ్మానాన్నలిద్దరూ వెళ్తే రెండోవారిది మామూలు టికెట్. రోగి లేకుండా రిపోర్టులు తేవడానికో, మందులు తేవడానికో ఇంట్లోవాళ్లు ఒక్కరే వెళ్తే ఈ రాయితీ పనికిరాదు.

అసలు చిక్కు: ఫారం

ఈ ఫారం రైల్వే స్టేషన్‌లో సంతకం చేసి ఇచ్చేది కాదు. ఆసుపత్రి ఇవ్వాలి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో దీనికి విడిగా ఒక కౌంటరో, సోషల్ వర్కర్ల విభాగమో ఉంటుంది. ఫైల్ నంబర్ చెప్పి ‘రైల్వే కన్సెషన్ ఫారం’ అని అడగండి. ఈ మాటే వాడండి. ‘ట్రైన్‌కి లెటర్ కావాలి’ అంటే డాక్టర్ గారు లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు రాసి ఇచ్చేస్తారు. ఆయన మంచి మనసుతోనే ఇస్తారు, కౌంటర్‌లో మాత్రం అది చెల్లదు. ఎక్కువమంది వెనక్కి తిరిగేది ఈ లెటర్‌హెడ్ కాగితంతోనే.

ఫారం చేతికి రాగానే అక్కడే నిలబడి ఒకసారి చదవండి. ఆసుపత్రి గేటు దాటాక తప్పు కనిపిస్తే దాన్ని దిద్దించుకోవడానికి మళ్లీ అంత దూరం రావాలి. మీరే పెన్నుతో దిద్దితే ఫారం మొత్తం చెడుతుంది.

సంతకం చేసింది ఎవరో చూడండి. ఫారం అడిగేది ఆసుపత్రి బాధ్యుడైన అధికారి సంతకం. వార్డులో కనిపించిన జూనియర్ డాక్టర్ సంతకం చాలదు. సంతకం కింద పేరు, హోదా చదవడానికి వీలుగా ఉండాలి. ఆసుపత్రి గుండ్రటి ముద్ర విడిగా పడాలి. ముద్ర సగమే పడినా, సిరా వెలిసినా మళ్లీ వేయించుకోండి. అడగడానికి వెనకాడవద్దు.

పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఆసుపత్రి ఫైల్లో ‘లక్ష్మి’ అని, ఆధార్‌లో ‘వెంకట లక్ష్మి’ అని ఉంటే, రైల్లో గుర్తింపు కార్డు చూసే టీటీఈకి ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. ఫైల్ తెరిచిన రోజే ఆధార్ చూపించి పేరు రాయించుకుంటే తర్వాత బీమా దగ్గర, ఆరోగ్యశ్రీ దగ్గర కూడా తిప్పలు తప్పుతాయి.

స్టేషన్ పేర్ల దగ్గర చాలామంది తడబడతారు. ఫారంలో రాయాల్సింది ఊరి పేరు కాదు, మీరు ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్. శ్రీకాకుళం వాళ్లు ఎక్కేది ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో. వేలూరు సీఎంసీకి వెళ్లేవాళ్లు ఎక్స్‌ప్రెస్ దిగేది కాట్పాడిలో. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చేవాళ్ల రైలు సికింద్రాబాద్‌లో ఆగొచ్చు, కాచిగూడలో ఆగొచ్చు, నాంపల్లి దాకా రావచ్చు. ముంబయి టాటా ఆసుపత్రికైతే ఒక రైలు సీఎస్‌ఎంటీకి పోతుంది, ఇంకొకటి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో ఆగిపోతుంది. ఫారంలో ఒక పేరు ఉండి, రిజర్వేషన్ స్లిప్పులో ఇంకో పేరు ఉంటే గుమస్తా ఒప్పుకోకపోవచ్చు. అందుకే ఏ రైలో ముందు తేల్చుకుని, ఆ తర్వాత ఫారం రాయించుకోండి.

తోడు గురించిన భాగం ఖాళీగా వదలవద్దు. తోడు అవసరమని అక్కడ లేకపోతే రోగి ఒక్కరికే రాయితీ వర్తించి, పక్కన కూర్చునేవారు పూర్తి చార్జీ కట్టాల్సి వస్తుంది. ప్రయాణం దేనికి అన్నచోట చేరికా, చికిత్సా, చెకప్పా అన్నది ఉంచి మిగతావి కొట్టేయాలి. రానుపోను రెండు ప్రయాణాలూ అందులో వచ్చాయో లేదో చూడండి. రాకపోతే ఇంటికి వెళ్లడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి విడివిడిగా అడగండి.

ఇక్కడే ఒక అలవాటు చేసుకోవాలి. కీమో చాలామందికి 21 రోజులకోసారి ఉంటుంది. తర్వాతి తేదీ చీటీ మీద రాయించుకున్న రోజే, ఆ ప్రయాణానికి కావాల్సిన ఫారం కూడా తీసుకుని ఆసుపత్రి నుంచి బయటపడండి. ఇంటికి చేరాక ఫారం కోసం ఫోన్లు చేసి, కొరియర్‌లో తెప్పించుకునేలోపు బెర్తులు అయిపోతాయి. ఫారానికి రెండు నకళ్లు తీసి పెట్టుకోండి. అసలుది కౌంటర్‌లో ఉంచేసుకుంటే రైల్లో చూపడానికి నకలైనా ఉంటుంది.

మొదటిసారి వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఊళ్లో డాక్టర్ గారు ‘ముంబయి వెళ్లండి’ అంటారు, అక్కడ ఇంకా ఫైల్ లేదు, ఇక్కడ ఏ క్యాన్సర్ ఆసుపత్రిలోనూ పేరు నమోదు కాలేదు. అప్పుడు ఫారం మీద సంతకం చేసేవాళ్లే ఉండరు. ఆ ఒక్క ప్రయాణానికి మామూలు టికెట్ కొనుక్కుని బయల్దేరండి. రాయితీ కోసం చికిత్స ఒక వారం కూడా వెనక్కి జరపవద్దు. అక్కడ ఫైల్ నంబర్ వచ్చాక తిరుగు ప్రయాణం నుంచి రాయితీ అందుతుంది. ముందు కొన్న టికెట్ మీద మాత్రం తర్వాత ఫారం చూపించినా డబ్బు తిరిగి రాదు.

కౌంటర్ దగ్గర

ఈ రాయితీ టికెట్ ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో రాదు, యాప్‌లో రాదు. స్టేషన్‌లోని కంప్యూటర్ రిజర్వేషన్ కౌంటర్‌లోనే తీసుకోవాలి. రిజర్వేషన్ స్లిప్పు నింపి, రాయితీ వివరాల గడిలో క్యాన్సర్ రాయితీ అని రాసి, ఫారం జతచేసి ఇవ్వండి. రోగిని క్యూలో నిలబెట్టవద్దు, ఇంట్లోవాళ్లు వెళ్లినా టికెట్ ఇస్తారు. రోగి, తోడు ఇద్దరి పేర్లూ ఒకే టికెట్‌లో ఉండేలా చూసుకోండి. మొబైల్ నంబర్ సరిగ్గా రాయండి. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి, చెకప్ తేదీలు ముందే తెలిసినవాళ్లకు మంచి బెర్త్ దొరికే అవకాశం ఉంది.

‘మీరు శ్రమపడకండి, నేను ఆన్‌లైన్‌లో రాయితీతో తీసిపెడతా’ అనే ఏజెంట్లు ఎదురవుతారు. ఆన్‌లైన్‌లో లేనిదాన్ని ఎవరూ తీసి ఇవ్వలేరు. అలాంటివాళ్లు మామూలు టికెట్ తీసి పైన కమిషన్ వేసుకుంటారు, లేదా వేరే కోటాలో తీస్తారు. రెండో రకం టికెట్‌తో దొరికితే జరిమానా కట్టాల్సింది రోగి, ఏజెంట్ కాదు. సంతకం, ముద్ర వేసిన ఖాళీ ఫారాలు అమ్మజూపేవాళ్ల దగ్గర అసలు నిలబడవద్దు. ఆసుపత్రి ఈ ఫారానికి ఇచ్చేది సంతకం మాత్రమే, దానికి ధర లేదు.

వెయిటింగ్ లిస్ట్ వస్తే

వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్‌లోకో ఏసీలోకో ఎక్కితే దించేస్తారు. నీరసంగా ఉన్న మనిషిని నమ్మకం లేని టికెట్‌తో బయల్దేరదీయకండి. ఎమర్జెన్సీ కోటా కింద బెర్త్ కోసం మీ రైల్వే డివిజన్‌లోని డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) కార్యాలయంలో అర్జీ ఇవ్వవచ్చు. టికెట్ మీద ఉండే పీఎన్ఆర్ నంబర్, రైలు నంబర్, తేదీ, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కాగితం నకలు జతచేయాలి. ప్రయాణం రోజున వెళ్తే లాభం లేదు, ముందు రోజే ఇవ్వాలి. ప్రయాణం రోజు గానీ దాని ముందు రోజు గానీ ఆదివారమో సెలవో అయితే అంతకుముందు పనిదినానే ఇవ్వాలి. బెర్త్ కచ్చితంగా వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు, అయినా అడగడం మన హక్కు.

రక్తపరీక్షలో కౌంట్ తక్కువగా వస్తే కీమో వారం వాయిదా పడడం మామూలే. అప్పుడు టికెట్‌ను వెంటనే రద్దు చేసుకోండి, ఆలస్యమైన కొద్దీ తోడు కట్టిన డబ్బులో కోత పెరుగుతుంది. తర్వాతి తేదీకి కొత్త ఫారం అడిగేటప్పుడు పాతది వాడలేదని ఆసుపత్రికి చెప్పండి. ప్రయాణంలో జ్వరం, రక్తస్రావం, వాంతులు ఆగకపోవడం లాంటివి ఎదురైతే 139కు ఫోన్ చేసి పీఎన్ఆర్, బోగీ, బెర్త్ నంబర్ చెబితే రాబోయే స్టేషన్‌లో వైద్యసాయం కోసం కబురు పంపుతారు. ఆ మూడు వివరాలు, ఏ మందులు వాడుతున్నారో రాసిన చీటీ తోడు వెళ్లేవారి జేబులో ఉండాలి, పైన లగేజీలో కాదు.