హాస్టల్ కుర్రాళ్ల కొట్లాటలు: సమస్య - పరిష్కారం

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాకా పిల్లలుండే హాస్టళ్ల వార్డెన్లకూ, క్లాస్ టీచర్లకూ ఇది. కొట్టుకుంటున్నవాళ్లను విడదీయడం, దెబ్బలకు కట్టు కట్టించడం మీకు కొత్త కాదు, వాటి జోలికి పోను.

అన్నిటికంటే ముందు

కొట్లాట ఒక్కటే ఉందా, దాని వెనక ఇంకేమైనా ఉన్నాయా చూడండి. ఈ వయసులో చెయ్యి చేసుకోవడం, గుట్కా, బీరు, ముగ్గురెక్కి హెల్మెట్ లేకుండా బండి తోలడం, క్లాసులు ఎగ్గొట్టడం, బ్లేడుతో చేతి మీద గీసుకోవడం ఒకదాని కొంగు పట్టుకుని ఇంకొకటి వస్తాయి. అమెరికా హైస్కూళ్లలో 1991 నుంచి రెండేళ్లకోసారి చేస్తున్న సర్వేలో కొట్లాట, ఆయుధం, మత్తు, ఆత్మహత్య ఆలోచన అన్నీ ఒకే ప్రశ్నపత్రంలో ఉంటాయి. మన దేశంలో 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కూడా హింసనూ మత్తునూ మానసిక ఆరోగ్యాన్నీ పక్కపక్కనే పెట్టింది. హాస్టల్లో మాత్రం కొట్లాట వార్డెన్ డైరీలో, గైర్హాజరు అటెండెన్స్‌లో, కడుపునొప్పి సిక్ రూమ్ రిజిస్టర్‌లో విడివిడిగా పడి ఉంటాయి. మూడూ ఒక బల్ల మీద పెట్టి, నాలుగు వారాలు వెనక్కి వెళ్లి ఆ కుర్రాడి పేరు వెతకండి. పావుగంట పని. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని దాటేసి నేరుగా తండ్రికి ఫోన్ కొట్టేవాళ్లే ఎక్కువ.

చిన్న మాటకే కస్సుమంటాడు, గొడవలన్నీ పొద్దున పూటే

ముందు నిద్ర లెక్కపెట్టండి. ఈ వయసుకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి 11 దాకా స్టడీ అవర్, పొద్దున 5కి బెల్ అంటే ఆరు గంటలు కూడా దక్కవు. రెండు వారాల పాటు తొమ్మిదింటికి లైట్లు ఆర్పించి చూడండి. తగ్గితే కౌన్సెలింగ్ అక్కర్లేదు, టైమ్‌టేబుల్ మార్చాలి.

గంజాయి మానేశాడు, అయినా గొడవలు పెరిగాయి

మానేశాక మొదటి వారంలోనే చిరాకు, నిద్రలేమి బాగా ముదురుతాయి. రెండు వారాలకు చాలావరకు సర్దుకుంటాయి. ఆ రోజుల్లో ‘వీడు మారడు’ అని తేల్చేయకండి. సరుకు ఇచ్చినవాడికి బాకీ ఉన్నాడా అని మాత్రం తప్పక అడగండి, సగం గొడవలు అక్కడే పుడతాయి. గంజాయితో ఆగకుండా వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ కూడా చూడండి. 2019లో వచ్చిన జాతీయ సర్వేలో ఈ పీల్చే మత్తు పెద్దల్లో 0.58 శాతమైతే, 10–17 ఏళ్లవాళ్లలో 1.17 శాతం. మత్తు మాన్పించడానికి సలహా కావాలంటే 14446.

ఉన్నట్టుండి కొట్టాడు, తప్పని ఒప్పుకోడు. సంచిలో బ్లేడో చాకో దొరికింది

అందరూ బోల్తాపడేది ఇక్కడే. రౌడీ వేషాలు అని రాసేసి సస్పెండ్ చేస్తారు. చాలాసార్లు ఆ కుర్రాడు అప్పటికి నెలల తరబడి తన్నులు తింటూ ఉంటాడు. మొదటి దెబ్బ బాత్రూమ్‌లోనో మేడ మెట్ల మీదో పడుతుంది, రెండో దెబ్బ నలుగురి మధ్య పడుతుంది. మాస్టారి కంటికి ఆనేది ఆ రెండోదే. చాకు కూడా పొడవడానికని కాక, భయంతో పెట్టుకున్నదే అయ్యుండొచ్చు.

ఆనవాళ్లు చెబుతాను. మోచేతికీ మణికట్టుకూ మధ్య బయటివైపు కమిలిన మచ్చలు: ముఖానికి దెబ్బ తగలకుండా చెయ్యి అడ్డుపెడితే పడేవి. మండుటెండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా. పాకెట్ మనీ రెండు రోజుల్లో మాయం. మెస్‌లో జనం ఉన్నంతసేపూ రాడు, చల్లారాక వస్తాడు, లేదా పస్తుంటాడు. ఒంటేలుకు బ్రేక్‌లో వెళ్లడు, క్లాస్ మధ్యలో అడుగుతాడు. మంచం మార్చమంటాడు, కారణం చెప్పడు. ఇంటి నుంచి తిరిగొచ్చే ఆదివారం సాయంత్రం కడుపునొప్పి. వీటిలో మూడు కనిపిస్తే ఇక ఇతణ్ని నిందితుడిగా చూడకండి.

విడిగా కూర్చోబెట్టండి, తల్లిదండ్రులు కూడా పక్కన వద్దు. ‘ఎందుకు కొట్టావు’ అని మొదలుపెడితే నోరు విప్పడు. ఇల్లు, చదువు, స్నేహితులు, ఆటలు, మత్తు, చివరికి చచ్చిపోవాలనిపించిందా అన్నది, ఈ వరసలో తేలికవాటి నుంచి బరువైనవాటికి వెళ్లండి. ఆఖరి ప్రశ్న సూటిగానే అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకండి, అప్పుడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాటివ్వకండి. ప్రాణం మీదికొచ్చే సంగతైతే చెప్పక తప్పదని ముందే అనండి. లైంగిక వేధింపు బయటపడితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే, హాస్టల్ పరువు సాకు కుదరదు.

తర్వాత చోటు పట్టండి. ప్రతి గొడవకూ తేదీ, సమయం, చోటు, అంతకుముందు ఏం జరిగింది, ఎవరు చూస్తూ నిలబడ్డారు అని ఒక వరుస రాయండి. పది వరుసలు పూర్తయ్యేసరికి ఒకటి రెండు చోట్లు, ఒకే అరగంట పైకి తేలడం మామూలు. ఆ అరగంట అక్కడ ఒక పెద్దమనిషిని నిలబెట్టండి. అన్ని చోట్లా కెమెరాలు పెట్టడం కన్నా ఇది చవక.

చేయకూడనివీ ఉన్నాయి. ఇద్దర్నీ పిలిచి ‘షేక్ హ్యాండ్ ఇచ్చుకోండ్రా’ అనకండి. బలవంతుడికి అది లైసెన్స్, రెండోవాడికి రాత్రి మళ్లీ తన్నులు. గొడవపడేవాళ్లందర్నీ ఒకే గదిలో పెట్టి నీతులు చెప్పకండి, ఒకడి గొప్పలు ఇంకొకడికి పాఠమవుతాయి. పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి భయపెట్టడం మనవాళ్లకు మహా ఇష్టం. 1970ల్లో న్యూజెర్సీలోని రావే జైలుకు కుర్రాళ్లను తీసుకెళ్లి ఖైదీల చేత బెదిరించారు. అలాంటి కార్యక్రమాలను పరీక్షించి చూస్తే, వెళ్లనివాళ్లకన్నా వెళ్లినవాళ్లే ఎక్కువ నేరాలు చేసినట్టు తేలింది. ఇక బెత్తం సంగతి. తమ చేతికింద ఉన్న పిల్లల్ని కొట్టి హింసించడం జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. చట్టం మాట పక్కనపెట్టినా, పెద్దవాడు చిన్నవాణ్ని కొట్టొచ్చన్న పాఠం ఆ కుర్రాడికి ఇంకోసారి చెప్పినట్టే.

కొట్టినందుకు శిక్ష వద్దా? వేయండి, కానీ ఇంటికి పంపకండి. పగలంతా ఏ పెద్ద దిక్కూ లేకుండా తిరిగే కుర్రాడికి మిగతా అలవాట్లు కూడా అంటుకుంటాయి. ఇంట్లోనే తన్నులుంటే మరీ ఘోరం. అలాంటప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

అరుదైనవి

సినిమాలు, వీడియో గేమ్‌లు: మొదట నోటికొచ్చే కారణం ఇదే, తేలేది తక్కువ. పైవన్నీ చూశాకే అటు వెళ్లండి. ఫిట్స్, థైరాయిడ్ వంటివి డాక్టర్ చూసుకుంటారు. ఒక్క విషయం: బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలాకే స్వభావం మారిందంటే, నాలుగు వారాల రిజిస్టర్లు తిరగేస్తూ కూర్చోకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.