స్కూటర్ డిక్కీలో ఎల్‌ఈడీ లైటు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. 10–15 సెంటీమీటర్ల 12 వోల్టుల స్ట్రిప్, సీటు మూస్తే నొక్కుకునే లీవరున్న మైక్రో స్విచ్, 1 ఆంపియర్ ఫ్యూజ్, 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. చిక్కంతా బిగింపులోనే.

పొద్దున సెల్ఫ్ తీసుకోవట్లేదు

ముందు అనుమానించాల్సింది డిక్కీ లైటునే. సీటు మూశాక కూడా అది వెలుగుతూ ఉండొచ్చు, బయటికి కనిపించదు. మీటరుకు 60 ఎల్‌ఈడీలుండే 5050 రకం స్ట్రిప్ 15 సెంటీమీటర్ల ముక్క దాదాపు 0.18 ఆంపియర్లు లాగుతుంది. పది గంటలకు 1.8 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క). చాలా స్కూటర్లలో ఉండేది 3 నుంచి 5 ఏహెచ్ బ్యాటరీ. ఇక సెల్ఫ్ ఎలా తిరుగుతుంది?

తాళంచెవి చేతిలో ఉంచుకుని, ఫోన్లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి సీటు మూయండి. వీడియోలో చీకటి పడకపోతే కారణం రెండిట్లో ఒకటి. మొదటిది, వైర్లు స్విచ్‌లోని కామన్, ఎన్‌వో (లీవరు నొక్కితేనే కలిసేది) పిన్నులకు పడ్డాయి. అలా అయితే సీటు మూసినప్పుడే లైటు వెలిగి, తెరిస్తే ఆరిపోతుంది. వైరును ఎన్‌వో నుంచి ఎన్‌సీకి (లీవరు నొక్కితే తెగేది) మార్చండి. రెండోది, సీటు లీవరును పూర్తిగా నొక్కడం లేదు. లీవరు తగిలే చోట సీటు అడుగున 2–3 మిల్లీమీటర్ల రబ్బరు ముక్క అంటించండి. మరీ మందంగా పెడితే లీవరు వంగిపోతుంది. 'టిక్' మన్న తర్వాత కూడా లీవరుకు కాస్త కదలిక మిగలాలి.

ఇంజన్ ఆన్‌లో ఉంటేనే వెలుగుతోంది, రేజ్ చేస్తే మినుకుమంటోంది

హెడ్‌లైట్ వైరు నుంచి కరెంటు తీశారన్నమాట. పాత మోడళ్లు చాలావాటిలో హెడ్‌లైట్‌కు మాగ్నెటో (ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించేది) నుంచి నేరుగా ఏసీ వస్తుంది. దాన్ని స్ట్రిప్‌కు ఇస్తే త్వరగా మాడిపోతుంది. బ్యాటరీ ప్లస్ నుంచే తీయండి. ఇంజన్ ఆపి, మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెడితే 12.5 దగ్గర కదలకుండా నిలబడాలి.

సీటు ఎత్తగానే ఫ్యూజ్ పోతోంది

సీటు హింజ్ దగ్గర వైరు నలిగి, తొడుగు చిరిగి బాడీకి తగులుతోంది. ఆ వైరు మార్చి, స్ట్రిప్, స్విచ్ రెండూ డిక్కీ వైపే బిగించండి. అప్పుడు హింజ్ మీదుగా వైరే ఉండదు. పెద్ద ఫ్యూజ్ మాత్రం వేయకండి. చాలా స్కూటర్లలో పెట్రోల్ ట్యాంకు ఆ పక్కనే ఉంటుంది. ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్‌కు 15 సెంటీమీటర్ల లోపే ఉండాలి.

వరుసగా మూడు ఎల్‌ఈడీలు వెలగట్లేదు

స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు ఒక సిరీస్. ఒకటి పోయినా, కోయడానికి స్ట్రిప్ మీద ఇచ్చిన రాగి గుర్తు మీద కాకుండా వేరేచోట కోసినా, ఆ మూడూ ఆరిపోతాయి. కొత్త ముక్క వేయడమే మేలు.

స్ట్రిప్ ఊడిపోతోంది

కింద ఇంజన్ వేడి, పైగా డిక్కీ ప్లాస్టిక్‌కు జిగురు సరిగా పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి అంటించి, రెండు చివర్లా చిన్న క్లిప్పులు బిగించండి.