సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టుకు ఫిజిక్స్ సామగ్రి ఎక్కడ వెతకాలి?

సైన్స్ ఫెయిర్ తేదీ తెలియగానే పిల్లలు ఫోను తెరిచి ‘వర్కింగ్ మోడల్’ అని వెతుకుతారు. అందరికీ దొరికేదే వాళ్లకూ దొరుకుతుంది. అందుకే ప్రదర్శనలో బల్ల తర్వాత బల్ల మీద అదే సిరంజీల జేసీబీ కనిపిస్తుంది. అనంతపురం జిల్లాలో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచరుగా నేను ముందు ఒక ప్రశ్న రాసుకురమ్మంటాను. దాని జవాబు అంకెలో రావాలి: ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెకన్లు, ఎన్ని గ్రాములు. ప్రశ్న తేలితే ఏమేం కావాలో కూడా తేలిపోతుంది.

మన ఎండలకు తగిన ప్రశ్న ఒకటి చెబుతాను. మట్టికుండలో నీళ్లు ఎంత చల్లబడతాయి? కుమ్మరి దగ్గర ఒకే సైజు కుండలు రెండు కొనండి. ఒకదానికి బయటంతా ఎనామెల్ రంగు పూయండి, దాని గోడల్లోంచి నీరు ఊరి ఆవిరి కాకుండా. రెండింట్లో సమానంగా నీళ్లు పోసి నీడలో, గాలి ఆడేచోట పెట్టండి. గంటకోసారి వంటింటి డిజిటల్ కాటా మీద బరువు, బడి ల్యాబ్ థర్మామీటరుతో ఉష్ణోగ్రత చూసి రాసుకోండి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్ల ఉష్ణం కావాలి. లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు 4,200 జౌళ్లు పోవాలి. అంటే రెండు గ్రాములైనా ఆవిరి కాకముందే లీటరు నీరు ఒక డిగ్రీ దిగాలి. మీ కొలతలో అంత దిగదు, ఎందుకంటే బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. లెక్కకూ కొలతకూ ఉన్న ఆ తేడాను వివరించగలిగితే అదే మంచి ప్రాజెక్టు. మరో థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచితే కుండ ఎంతవరకు చల్లబడగలదో ముందే అంచనా దొరుకుతుంది.

చదవడానికి మొదటి చోటు పాఠ్యపుస్తకమే. మనవి ద్విభాషా పుస్తకాలు కాబట్టి ఎదురు పేజీలోని ఇంగ్లీషు మాటతో నెట్‌లో వెతకండి, ఫలితాలు చాలా పెరుగుతాయి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ సిమ్యులేషన్లు (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు) ఉచితం, తెలుగులోనూ కొన్ని ఉన్నాయి. సర్క్యూట్‌ను ముందు అందులో కలిపి చూశాకే తీగలు కొనండి. పనికిరాని వస్తువులతో చేసే ప్రయోగాలకు, సైన్స్ బొమ్మల తయారీకి పేరుపొందిన అరవింద్ గుప్తా వెబ్‌సైట్‌ను మించింది నాకు తెలియదు. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ‘ఫైఫాక్స్’ ఆప్ మీ ఫోనునే కొలత పరికరం చేస్తుంది. రెండు ఫోన్లు, చప్పట్లతో ధ్వని వేగం కూడా కొలవవచ్చు.

విద్యుదయస్కాంత ప్రేరణ మీద, అంటే తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే కరెంటు పుట్టడం మీద ప్రాజెక్టు అయితే ఆన్‌లైన్‌లో కిట్ కొనకండి. బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం మన ప్రాంతంలో ఏ చిన్న ఊళ్లోనైనా ఉంటుంది. ఎనామెల్ పూత ఉన్న సన్నని రాగి తీగ అక్కడ తూకానికి అడగండి. చుట్లు ఎలా లెక్కపెడతారో, పూత ఎలా గీకుతారో మెకానిక్ పక్కన కూర్చుని చూడండి. ఆ కాసేపు మా తరగతి గదిలో దొరకని పాఠం. అయస్కాంతానికి పాడైపోయిన స్పీకరు చాలు. ఇంటి కరెంటు ప్లగ్గుకు మాత్రం ఏ తీగనూ కలపవద్దు, బ్యాటరీతోనే చేయండి.

ఖర్చే లేనిది కావాలంటే నీడను కొలవండి. ఏప్రిల్ చివర్లో, మళ్లీ ఆగస్టు రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు అనంతపురానికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. గడియారంలో పన్నెండుకు కాదు, నీడ అతి చిన్నదయ్యే వేళ చూస్తే నిటారు కర్రకు నీడ పడదు. అదే రోజు కర్నూలులో ఉన్న బంధువుతో అలాంటి వేళే మీటరు కర్ర నీడ కొలిపించండి, దాదాపు రెండు సెంటీమీటర్లు వస్తుంది. దాని నుంచి కోణం, మ్యాపు నుంచి రెండు ఊళ్ల ఉత్తర దక్షిణ దూరం, సుమారు 128 కిలోమీటర్లు, తీసుకుంటే భూమి చుట్టుకొలత లెక్క కట్టవచ్చు: ఆ కోణం 360 డిగ్రీల్లో ఎన్నో వంతో, ఆ దూరం చుట్టుకొలతలో అన్నో వంతు. నీడ అంచు మసకగా ఉంటుంది కనుక చాలాసార్లు కొలిచి సగటు తీయాలి.

కొలిచిన ప్రతిదీ తేదీతో ఒక నోట్‌బుక్కులో ఉండాలి, కొట్టివేతలతో సహా. నేను జడ్జిగా కూర్చున్నప్పుడు మోడల్ కన్నా ముందు అడిగేది ఆ పుస్తకాన్నే. బడి పిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మనక్ పథకానికి ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తారు. పేర్లు బడి ద్వారానే ఆన్‌లైన్‌లో వెళ్లాలి కాబట్టి, బడులు తెరిచిన మొదటి వారాల్లోనే మీ ప్రశ్నను హెడ్మాస్టరు గారికి రాసి ఇవ్వండి.