టెస్టులు నడిపే ముందు ఐపీవీ6 ఉందో లేదో మెషీన్‌నే అడగండి

గుంటూరు బ్రాడీపేట రూమ్‌లో జియో హాట్‌స్పాట్ మీద శుభ్రంగా పాసైన టెస్టులు, బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి ఆఫీసు సీఐ సర్వర్‌లో (కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని తనంతట తానే నడిపే మెషీన్) ఫెయిలవుతున్నాయంటే, కోడ్ తిరగేసే ముందు అక్కడ ఐపీవీ6, అంటే ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి, పనిచేస్తోందా లేదా చూడండి.

చాలామంది పైథాన్‌లో నెట్‌వర్క్ పనులు చూసే సాకెట్ మాడ్యూల్‌లోని హ్యాస్_ఐపీవీ6 విలువ చూసి, ట్రూ వచ్చింది కదా అని వదిలేస్తారు. అది చెప్పేది ఒక్కటే, ఆ పైథాన్‌ని ఐపీవీ6 సపోర్టుతో కంపైల్ చేశారని. కుళాయి బిగించి ఉందన్నంత వరకే, నీళ్లు వస్తున్నాయో లేదో తిప్పి చూడాల్సిందే. డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే డబ్బా లాంటిది) ఐపీవీ6 ఆపేసి ఉన్నా అది ట్రూ అనే అంటుంది.

అందుకని ఏఎఫ్_ఐనెట్6 రకం సాకెట్ తెరిచి, ::1 అడ్రస్‌కి (ఐపీవీ6లో మెషీన్ తనని తాను పిలుచుకునే అడ్రస్) పోర్ట్ 0 మీద బైండ్ చేయండి, అంటే కట్టేయండి. పోర్ట్ 0 ఇస్తే ఖాళీగా ఉన్న పోర్ట్‌ని కెర్నెలే చూసి ఇస్తుంది, వేరే ప్రాసెస్‌తో గొడవ రాదు. ఓఎస్‌ఎర్రర్ (ఆపరేటింగ్ సిస్టమ్ కుదరదన్నప్పుడు పైథాన్ ఇచ్చే ఎర్రర్) వస్తే సపోర్టు లేనట్టే. ఏది వచ్చినా సాకెట్ మూసేయండి. పైథాన్ సొంత టెస్ట్ సూట్‌లోనూ ఇదే పద్ధతి. ఎర్రర్ నంబర్ కూడా లాగ్‌లో వేయండి, మన మామూలు లినక్స్ మెషీన్లలో 97 అంటే కెర్నెల్‌లో ఐపీవీ6 అసలు లేదు లేదా బూట్‌లోనే ఆపేశారు, 99 అంటే ఐపీవీ6 ఉంది గానీ ::1 అడ్రస్ లేదు. అర్ధరాత్రి ఆ లాగ్ చదివేవాళ్లకి ఈ తేడా చాలా పెద్ద సాయం.

లోకల్‌హోస్ట్ అనే పేరుతో చెక్ చేయొద్దు, హోస్ట్స్ ఫైల్‌ని బట్టి అది పాత పద్ధతి ఐపీవీ4 అడ్రస్ 127.0.0.1 కావచ్చు, ::1 కావచ్చు.

ఇదంతా మెషీన్ లోపలి సంగతి. బయటి సర్వర్‌తో మాట్లాడే టెస్టులుంటే చిన్న టైమౌట్ పెట్టి ఆ సర్వర్‌కి నిజంగానే కనెక్ట్ అయి చూడాలి. యూడీపీ సాకెట్‌తో కనెక్ట్ అంటే ప్యాకెట్ ఏదీ పోదు, రూట్ ఉందో లేదో మాత్రమే తెలుస్తుంది, కాబట్టి దాంతో సరిపెట్టుకోవద్దు.

ఈ చెక్‌ని పైటెస్ట్‌లో (పైథాన్ టెస్టులు నడిపే టూల్) సెషన్‌కి ఒక్కసారి నడిచే ఫిక్స్చర్‌గా, అంటే టెస్టులకి ముందు నడిచే సన్నాహక కోడ్‌గా పెట్టి, ఐపీవీ6 లేకపోతే కారణం రాసి మరీ స్కిప్ చేయించండి. నేను గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే: సీఐలో కనీసం ఒక్క మెషీన్‌లోనైనా స్కిప్‌కి వీల్లేకుండా చేయాలి. లేదంటే ఎవరో నెట్‌వర్క్ సెట్టింగ్ మార్చిన రోజు నుంచి ఆ టెస్టులన్నీ చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి, రిపోర్ట్ మాత్రం పచ్చగానే ఉంటుంది. ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకోండి, అది ఆన్‌లో ఉండి ఐపీవీ6 దొరక్కపోతే ఫెయిలే అవ్వాలి. అది ఏ మెషీన్‌లో ఆన్‌లో ఉందో రీడ్‌మీలో రాసి పెడితే కొత్తగా చేరినవాళ్లు వెతుక్కునే పని ఉండదు.